పన్నెండు నెలల ఏడాదికి పదమూడు రీఛార్జీలా?

ఏడాదికి నెలలెన్నని అడిగితే పసిపిల్లాడు కూడా పన్నెండంటాడు. ఫోను కంపెనీల లెక్కలో మాత్రం పదమూడు! 28 రోజుల ప్లాను వేసుకుంటే ఏడాదికి 13 సార్లు కట్టాలి మరి. అది చాలదన్నట్టు 2024 జులైలో ప్రైవేటు కంపెనీలు రేట్లు పెంచాయి.

ఫోను మానేద్దామా? మేస్త్రి కబురూ, బ్యాంకు ఓటీపీ దానికే వస్తాయి. మానలేం. ప్లాను మార్చుకోగలం.

30 రోజుల ప్లాను ఒకటైనా ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022లోనే ఆదేశించింది. నెట్ లేకుండా మాటలకు, మెసేజీలకే ప్లాను ఇవ్వాలని 2024 డిసెంబరులో చెప్పింది. బటన్ ఫోను వాడే కూలీ నెట్‌కి డబ్బెందుకు కట్టాలి? దుకాణంలో గట్టిగా అడగండి.

ఇక్కడా ఒక మెలిక ఉంది. 2025 జనవరిలో ప్రైవేటు కంపెనీలు తెచ్చిన ఆ ప్లాన్లు 84 రోజులవి, దాదాపు ఏడాదివి. తక్కువదానికే నాలుగు వందలపైన ఒక్కసారే కట్టాలి. పనుల్లేని రోజుల్లో ఎక్కణ్ణుంచి తెస్తాం?

కంపెనీ మారినా పాత నెంబరు పోదు. 2011 నుంచి దేశమంతటా ఆ వీలుంది. మారేముందు మాత్రం ఇంటిదగ్గరా, చేలోనూ సిగ్నలు అందుతుందో లేదో చూసుకోండి.

మాటలకు మాత్రమే నెలవారీ చౌక ప్లాను కావాలి. ఇది మన న్యాయమైన కోర్కె. కలిసి అడుగుదాం.