ఇంటెలా, ఏఎండీయా? అసలు పోటీ మెమరీతో

ఇంట్లోకి కంప్యూటర్ అసెంబుల్ చేయించుకోబోతున్న జహీరాబాదు పాఠకుడొకరు పంపిన ప్రశ్న: ‘ఇంటెల్ ప్రాసెసర్ తీసుకోమంటారా, ఏఎండీదా?’ విడిభాగాల కోసం హైవే పట్టుకుని సికింద్రాబాదు వెళ్తే, పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో దుకాణానికో జవాబు దొరుకుతుంది. ఏఎండీ వేడెక్కుతుందని ఒకరంటారు, ఇంటెల్ అయితే నమ్మకమని ఇంకొకరంటారు, గేములకు ఏఎండీ రైజెన్‌ను మించింది లేదని మరొకరంటారు. వీటిలో ప్రతి మాటకూ ఏదో ఒక కాలంలో ఆధారం ఉంది. ఒక ఏడాది డిజైన్‌కున్న గుణాన్ని కంపెనీ పేరుకు శాశ్వతంగా అంటగట్టడంతోనే చిక్కంతా వస్తోంది. గత పాతికేళ్ల గెలుపోటములు తిరగేస్తే, వాటిలో చాలావాటిని తేల్చింది ఒకే సంగతి: ప్రాసెసర్ మెమరీ కోసం ఎంతసేపు కాచుకుని కూర్చోవలసి వస్తుంది?

ప్రాథమిక విషయాలు త్వరగా ముగిద్దాం. రెండు కంపెనీల ప్రాసెసర్లూ ఎక్స్86 అనే ఒకే ఆదేశాల భాషను అర్థం చేసుకుంటాయి, ఒకే విండోస్‌ను, ఒకే ప్రోగ్రాములను నడుపుతాయి. ఆ భాష ఇంటెల్‌ది. దాన్ని 64 బిట్లకు పెంచి 2003లో మార్కెట్లోకి తెచ్చింది ఏఎండీ, మరుసటి ఏడాది ఇంటెల్ దాన్నే స్వీకరించింది. మనుషులూ అటూ ఇటూ తిరిగినవాళ్లే. పెంటియం రూపకర్తగా పేరుపడ్డ వినోద్ ధామ్ తర్వాత నెక్స్‌జెన్‌లో చేరారు, ఆ సంస్థను 1996లో ఏఎండీ కొనేసింది, అక్కడ ఆయన కే6 ప్రాసెసర్ మీద పనిచేశారు. ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన రాజా కోడూరి ఏఎండీలో గ్రాఫిక్స్ విభాగాన్ని నడిపి 2017లో ఇంటెల్‌కు వెళ్లారు. హైదరాబాదులో రెండు కంపెనీలకూ డిజైన్ కేంద్రాలున్నాయి. ఇంటెల్ 2024లో తెచ్చిన కోర్ అల్ట్రా 200 డెస్క్‌టాప్ వరుసలో లెక్కలు చేసే ముక్కను తయారుచేసింది కూడా ఏఎండీకి చేసిపెట్టే తైవాన్ సంస్థ టీఎస్‌ఎంసీయే. ఇన్ని కలిసిపోయాక ‘ఆ కంపెనీ రక్తం వేరు’ అనడానికి ఏముంది?

ఇక అసలు కథ. 5 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌లో గడియారం ఒక టిక్కుకు పట్టే కాలం 0.2 నానోసెకన్లు. ఆలోపు శూన్యంలో కాంతి కూడా 6 సెంటీమీటర్లే పోగలదు. అంత చిన్న వ్యవధిలోనే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే ఒక్కో కోరు నాలుగైదు ఆదేశాలు ముగించగలదు. అదే కోరు ర్యామ్ నుంచి ఒక అంకె కావాలంటే ఇంటి కంప్యూటర్లో సుమారు 70 నుంచి 100 నానోసెకన్లు ఆగాలి, అంటే 350 నుంచి 500 టిక్కులు. ర్యామ్ దూరంగా ఉండటం వల్లే ఈ ఆలస్యమని రాసేవాళ్లున్నారు. అది పొరపాటు. మదర్‌బోర్డు తీగల మీద రానూపోనూ ప్రయాణానికి పట్టేది ఒకటి రెండు నానోసెకన్లే. మిగతాదంతా ర్యామ్ స్వభావంలోనే ఉంది. అందులో ఒక్కో బిట్టునూ దాచేది ఒక ట్రాన్సిస్టర్, ఒక బుల్లి కెపాసిటర్. కెపాసిటర్‌లోని చార్జి దానంతటదే కారిపోతుంటుంది, కాబట్టి సెకనుకు అనేకసార్లు దాన్ని మళ్లీ నింపాలి. చదవాలన్నప్పుడు ముందు ఒక వరుస మొత్తాన్ని తెరవాలి, గుర్తుపట్టలేనంత సన్నని చార్జిని పెంచి చూడాలి, వరుసలోంచి కావలసిన ముక్కను ఏరాలి, చదవడంతో చెరిగిపోయినదాన్ని తిరిగి రాయాలి. దీనికి తోడు ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య రాకపోకలు నడిపే మెమరీ కంట్రోలర్ దగ్గర క్యూ.

జహీరాబాదు ప్రాంతంలో చెరకు పండించేవాళ్లకు ఇది చిటికెలో అర్థమవుతుంది. ఫ్యాక్టరీలో క్రషర్ ఎంత పెద్దదైనా, చెరకు పొలంలోనే ఉండి ట్రాక్టర్ రాకపోతే అది ఉత్తినే నిలబడాలి. అందుకే గేటు లోపల యార్డు పెట్టి ముందే చెరకు దించుకుంటారు. ప్రాసెసర్‌లో ఆ యార్డు పేరు కాష్. ఈ ఆలోచనను 1965లో కేంబ్రిడ్జిలో మారిస్ విల్క్స్ రెండు పేజీల వ్యాసంగా రాశారు, మూడేళ్లకు ఐబీఎం తన సిస్టమ్/360 మోడల్ 85లో అమర్చింది. కాష్‌లో బిట్టుకు ఆరు ట్రాన్సిస్టర్లు వాడతారు. కెపాసిటర్ లేదు, కారిపోయేది లేదు, మళ్లీ నింపే పనీ లేదు. కాష్ అంచెల్లో కోరును ఆనుకునే ఎల్1 నాలుగైదు టిక్కుల్లో జవాబిస్తుంది, ఎల్2 పదిహేను టిక్కుల చుట్టూ, కోర్లన్నీ పంచుకునే ఎల్3 యాభై చుట్టూ. ఇంత వేగానికి మూల్యం స్థలం: 64 మెగాబైట్ల కాష్‌కు బిట్లు దాచడానికే 320 కోట్లకు పైగా ట్రాన్సిస్టర్లు కావాలి.

ఆ మూల్యం ఎందుకు గిట్టుబాటవుతుందో చిన్న లెక్క చూద్దాం. ఎల్3 నుంచి 10 నానోసెకన్లలో, ర్యామ్ నుంచి 80 నానోసెకన్లలో జవాబు వస్తుందనుకోండి. వందలో పది వినతులు ర్యామ్ దాకా వెళ్తే సగటు నిరీక్షణ 17 నానోసెకన్లు. కాష్ పెంచి ఆ పదిని ఐదుకు తగ్గిస్తే 13.5. గడియారం వేగం ముట్టుకోకుండానే అయిదో వంతు నిరీక్షణ మాయమైంది. ఈ లెక్కను పట్టించుకోకపోతే ఏమవుతుందో ఇంటెల్ 2000లో తెచ్చిన పెంటియం 4 చూపించింది. గిగాహెర్ట్జ్ అంకె పెద్దగా కనిపించడం కోసం ఒక్కో ఆదేశం పనిని 20 దశలుగా, 2004 నాటికి 31 దశలుగా ముక్కలు చేశారు. కానీ టిక్కు ఎంత చిన్నదైతే ర్యామ్ కోసం వృథా అయ్యే టిక్కులు అన్ని ఎక్కువ: 80 నానోసెకన్లంటే 1 గిగాహెర్ట్జ్ దగ్గర 80 టిక్కులు, 4 దగ్గర 320. అదే కాలంలో ఏఎండీ అథ్లాన్ 64, మెమరీ కంట్రోలర్‌ను మదర్‌బోర్డు మీది చిప్పు నుంచి తీసి ప్రాసెసర్‌లోకే తెచ్చి, 2 గిగాహెర్ట్జ్ వేగంతోనే 3 దాటిన పెంటియంలతో పోటీపడింది. చివరకు వేడిని అదుపు చేయలేక 2004 అక్టోబరులో ఇంటెల్ 4 గిగాహెర్ట్జ్ పెంటియంను రద్దు చేసుకుంది. మెమరీ కంట్రోలర్‌ను తాను లోపలికి తెచ్చుకోవడానికి 2008లో నెహలెమ్ దాకా ఆగింది.

ఇక్కడితో ఆపితే ఏఎండీ తెలివైనదనిపిస్తుంది. ఆపకూడదు. 2011లో ఏఎండీ బుల్డోజర్‌లో రెండేసి కోర్లకు ఒకే దశాంశ లెక్కల యూనిట్ పంచి, నెమ్మది కాష్‌లు జతచేసి, అధిక గడియారం వేగం మీద ఆశపెట్టుకుంది. పెంటియం 4 పాఠం కళ్లముందే ఉన్నా అదే గోతిలో పడి, 2017లో రైజెన్ వచ్చేదాకా లేవలేదు. మరోవంక ఇంటెల్ 2015లోనే కోర్ ఐ7-5775సిలో ప్రాసెసర్ చిప్పు పక్కనే 128 మెగాబైట్ల అదనపు కాష్ అమర్చింది. గడియారం నెమ్మదిదే అయినా చాలా గేముల్లో అది అంతకన్నా వేగపు గడియారమున్న ప్రాసెసర్లను ఓడించింది. చేతికొచ్చిన ఆ నిధిని ఇంటెల్ డెస్క్‌టాప్‌లో వదిలేసింది. ఏడేళ్ల తర్వాత ఏఎండీ అదే సూత్రాన్ని నిలువుగా అమలుచేసి, చిప్పు నెత్తిన 64 మెగాబైట్ల కాష్‌ను అంటించి రైజెన్ 7 5800ఎక్స్3డి తెచ్చింది. ఈ వాదానికి ఇంతకన్నా శుభ్రమైన ప్రయోగం దొరకదు: అంటించిన కాష్ లేని మామూలు 5800ఎక్స్‌కూ దీనికీ కోర్లు ఒకటే, గరిష్ఠ వేగం 4.7 నుంచి 4.5కు తగ్గింది, ఎల్3 మాత్రం 32 నుంచి 96 మెగాబైట్లయింది. గేముల్లో నెమ్మది గడియారంది గెలిచింది. 2024లో కథ మళ్లీ తిరగబడింది. ఇంటెల్ కోర్ అల్ట్రా 200లో మెమరీ కంట్రోలర్‌ను కోర్ల ముక్క నుంచి వేరే ముక్కకు మార్చడంతో ర్యామ్ ఆలస్యం పెరిగింది. కొత్త ప్రాసెసర్ పలు గేముల్లో సొంత పాత తరం వెనకే నిలబడింది. ఏఎండీ కూడా 2019లో ఇలాగే కంట్రోలర్‌ను విడదీసింది, కానీ దానికి పరిహారంగా ఎల్3ని రెట్టింపు చేసుకుంది.

‘అలాగైతే కాష్ ఎక్కువున్నదే కొంటే సరిపోతుందిగా?’ అంటే, సరిపోదు. ప్రాసెసర్ తర్వాత ఏం కావాలో ఊహించి ర్యామ్ నుంచి ముందే తెప్పించుకునే ఏర్పాటు కూడా చేసుకుంటుంది. వీడియో ఎన్‌కోడింగ్‌లో సమాచారం వరుసగా వస్తుంది కాబట్టి ఆ ఊహ ఫలిస్తుంది, పెద్ద కాష్‌తో ఒరిగేది తక్కువ. అందుకే అలాంటి పనుల్లో 5800ఎక్స్3డి తన అన్న 5800ఎక్స్ కన్నా వెనకబడింది. గేములో ఆటగాడు ఎటు తిరుగుతాడో ఊహించలేం, అక్కడ కాష్ ఆదుకుంటుంది. ‘మరి వేడి?’ అన్నది రెండో అభ్యంతరం. 2001 నాటి అథ్లాన్లకు హీట్‌సింక్ తీసేస్తే కాలిపోయే బలహీనత ఉండేది. పుకారు అక్కడే ఆగిపోయింది, డిజైన్లు ముందుకెళ్లాయి. ఇవాళ ఇంటెల్ ఐ9-14900కె గరిష్ఠ పరిమితి 253 వాట్లయితే, ఏఎండీ 7800ఎక్స్3డి గేములాడేటప్పుడు 100 వాట్లలోపే ఉంటుంది. గది 40 డిగ్రీలుండే మే నెలలో ఈ తేడా లెక్కలోకి వస్తుంది. నమ్మకం విషయంలోనూ ఇద్దరి చేతులకూ మసి ఉంది. ఇంటెల్ 13, 14 తరాల్లో కొన్ని ప్రాసెసర్లు అధిక వోల్టేజి వల్ల పాడయ్యాయని 2024లో తేలి, కంపెనీ వారంటీని రెండేళ్లు పొడిగించింది. 2023లో రైజెన్ 7000 ఎక్స్3డి రకాల్లో కొన్ని మదర్‌బోర్డు వోల్టేజి ఎక్కువై కాలిపోయాయి.

ఇక కొనుగోలు సంగతి. పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లతో డీటీపీ, పిల్లల చదువు, ఎక్సెల్ వంటి పనులకు రెండు కంపెనీల మధ్యరకం ప్రాసెసర్లలో ఏదైనా చాలు, ఆ రోజు ఏది చౌకైతే అది. గేములకు విడిగా మంచి గ్రాఫిక్స్ కార్డు పెడుతుంటే ఏఎండీ ఎక్స్3డి రకం. నాలుగేళ్లకు ప్రాసెసర్ మాత్రమే మార్చుకునే ఆలోచన ఉంటే, మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌ను ఎక్కువ కాలం కొనసాగించే అలవాటు ఇటీవల ఏఎండీదే. విసుగు పుట్టించేది వేరే సంగతి. ప్రాసెసర్ బ్రాండు మీద గంటసేపు వాదించే దుకాణాలు 16 గిగాబైట్ల ర్యామ్‌ను ఒకే కడ్డీగా అమ్మి పంపుతుంటాయి. అదే సామర్థ్యం 8 గిగాబైట్ల కడ్డీలు రెండైతే ర్యామ్‌కున్న రెండు దారులూ తెరుచుకుని కంట్రోలర్ దగ్గర క్యూ తగ్గుతుంది. విడి గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌లో ఈ తేడా కంటికే తెలుస్తుంది. పైగా ర్యామ్ పెట్టె మీద అచ్చేసిన వేగం దానంతటదే రాదు, బయోస్‌లో ఇంటెల్ బోర్డులైతే ఎక్స్ఎంపీ, ఏఎండీ బోర్డులైతే ఎక్స్‌పో అనే ఎంపికను ఆన్ చేయాలి. బిల్లు కట్టే ముందు కౌంటర్ దగ్గరే బయోస్ తెరిపించి చూడండి. అక్కడ కనిపించే ర్యామ్ వేగం, మీరు డబ్బిచ్చిన అంకె ఒకటేనా కాదా అన్నది బ్రాండు వాదన కన్నా ముందు తేల్చుకోవలసిన సంగతి.