తర్జుమాల చరిత్రను వెదకిన హైదరాబాదు పండితుడు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల ముస్లిం ఇళ్ళలో దివ్య ఖుర్ఆన్ పారాయణం అరబ్బీలో జరుగుతుంది. పిల్లలు బజారులో మాట్లాడేది మాత్రం తెలుగు. కనుక అర్థం తెలుసుకోగోరే చాలామందికి తెలుగు అనువాదమే ఆధారం. అయితే అల్లాహ్ వాక్కును మరో భాషలో చెప్పవచ్చునా, చెబితే అది ఖుర్ఆన్ అవుతుందా అన్న సందేహం పాతదే. దీనికి చరిత్ర ఇచ్చే జవాబును ఓపికగా సేకరించినవారిలో డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ ముఖ్యులు.

ఆయన 1908లో హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, జర్మనీలోని బాన్‌లోను, పారిస్‌లోను డాక్టరేట్లు పొంది, తిరిగి ఉస్మానియాలోనే బోధించారు. ఏయే భాషలలో ఖుర్ఆన్ అనువాదాలు ఉన్నాయో తెలిపే గ్రంథాన్ని 1940లలో హైదరాబాదులోనే ప్రచురించారు. 1948 తర్వాత పారిస్‌లో స్థిరపడ్డారు. 1950ల నుండి చాలా ఏళ్ళు ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి పాఠాలు చెప్పారు. అక్కడే 1965లో, మరో పండితునితో కలిసి, ఖుర్ఆన్ చరిత్రను వివరించి, దానికి సంబంధించిన తుర్కీ గ్రంథాల పట్టికను జతచేసిన పుస్తకాన్ని వెలువరించారు.

తుర్కీలోనే ఈ శ్రమ ఎందుకు? ఆ భాషలో ఈ కథ చాలా పాతది గనుక. ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉన్న ఒక ప్రతి హిజ్రీ 734లో, అంటే క్రీ.శ. 1333-34లో, షీరాజ్‌లో వ్రాయబడింది. అందులో అరబ్బీ పంక్తి క్రింద, ఒక్కొక్క పదానికి తుర్కీ అర్థం ఉంటుంది. అంతకు ముందే, 10వ శతాబ్దంలో, సామానీ పాలకుడు మన్సూర్ బిన్ నూహ్ ఉలమాను సమావేశపరచి, వారి సమ్మతితో తబరీ తఫ్సీరును ఫారసీలోకి తెప్పించాడు. ఈ పద్ధతిలో మూలం తన స్థానంలోనే ఉంటుంది. అర్థం దాని ప్రక్కన నిలుస్తుంది.

ఈ హద్దు చెదిరితే ఏమవుతుందో కూడా తుర్కీ చరిత్రే చూపింది. 1925లో టర్కీ పార్లమెంటు అనువాదానికి, తఫ్సీరుకు ఏర్పాటు చేసింది. అనువాద బాధ్యత కవి మెహ్మెత్ ఆకిఫ్ స్వీకరించారు. ఈజిప్టులో ఏళ్ళ తరబడి శ్రమించి కూడా, తన తర్జుమాను నమాజులో మూలానికి బదులు చదివిస్తారేమోనని భయపడి, ఒప్పందం నుండి వైదొలిగారు. ఆ భయం నిరాధారం కాదు: 1932 నుండి 1950 వరకు అక్కడ అజాన్ సైతం తుర్కీలోనే ఇవ్వవలసి వచ్చింది. ఎల్మాలిలీ హమ్దీ యాజిర్ రచించిన తఫ్సీరు మాత్రం 1930లలో వెలువడి నేటికీ చదువబడుతున్నది.

హమీదుల్లాహ్ స్వయంగా ఖుర్ఆన్‌ను ఫ్రెంచిలోకి అనువదించారు; అది 1959లో వెలువడింది. 2002లో అమెరికాలో కన్నుమూశారు. అనువాదాల చరిత్ర వ్రాసినవాడే అనువాదకుడు కావడం విశేషం.

తెలుగులోనూ ఈ బాట ఉన్నది. ముస్లిమేతరుడైన చిలుకూరి నారాయణరావు గారు ఖుర్ఆన్‌ను తెలుగు చేశారు. తర్వాత ముస్లిం పండితులు కూడా ఆ పనికి పూనుకున్నారు. ఆ ప్రయత్నాలను వరుసగా నమోదు చేసి పోల్చి చూచే పని మన భాషలోనూ జరగాలి. నమాజులో అరబ్బీ, ఇంటిలో అర్థం: ఈ రెండూ ఒకదానికొకటి పోటీ కావు. వేయి సంవత్సరాలుగా ముస్లిం ఉలమా ఆచరించి చూపినది ఇదే.