కరెంటు పోయొస్తే అజాన్ ఆలస్యం ఎందుకు?

మస్జిద్‌లో అజాన్ టైముకి మోగడానికి రాస్ప్‌బెర్రీ పై బోర్డు పెట్టుకున్నారా? 4వ మోడల్ వరకు ఈ బోర్డుల్లో బ్యాటరీ గడియారం లేదు. తెల్లవారుజామున 3:30కి కరెంటు పోయి 5:30కి వచ్చిందనుకోండి. బోర్డు పాత టైముతోనే మొదలవుతుంది. ఇంటర్నెట్ అందగానే గడియారం ఒక్కసారిగా 5:30కి దూకుతుంది.

ఇందులోని లైనక్స్‌లో టైం ప్రకారం పనులు చేయించేది క్రాన్. గడియారం 3 గంటల లోపు ముందుకి దూకితే, మధ్యలో తప్పిపోయిన పనిని అది అప్పటికప్పుడు చేసేస్తుంది. అంటే 5 గంటల ఫజర్ అజాన్ 5:30 దాటాక మోగుతుంది! 3 గంటలు మించితే అసలు మోగదు.

రంజాన్‌లో ఆ అజాన్ వినే సహరీ ఆపేవాళ్లుంటే రోజాకే ఇబ్బంది. అందుకే బ్యాటరీతో నడిచే ఆర్‌టీసీ మాడ్యూల్ పెట్టించండి. లేదా టైం సరిపడ్డాకే క్రాన్ మొదలయ్యేలా సెట్ చేయించండి. సహరీకి మాత్రం టైంటేబుల్, చేతి గడియారం చూసుకోవడమే మేలు.