తీర్థజలంలో మందులకు లొంగని క్రిములు

కార్తిక పౌర్ణమికి సూర్యలంకకు, మాఘ పౌర్ణమికి హంసలదీవికి మా నిజాంపట్నం ప్రాంతం నుండి యాత్రికులు సముద్రస్నానానికి తరలివెళ్లడం పరిపాటి. అట్లా మునిగేవారందరూ తెలుసుకోదగిన విషయం ఒకటి ఉన్నది.

సూక్ష్మక్రిములను సంహరించే ఔషధాలను వైద్యులు యాంటీబయాటిక్స్ అంటారు. ఆ మందు కొద్ది మోతాదులో చాలాకాలం తగిలితే బలహీనమైన క్రిములు నశించి, తట్టుకొన్నవి మిగిలి వృద్ధి చెందుతాయి. ఆ శక్తికి మూలమైన జన్యువును ఒక క్రిమి వేరొక జాతి క్రిమికి సైతం అందించగలదు. గురుశుశ్రూష లేకుండానే విద్య అబ్బడమంటే ఇదే!

మురుగు, మందుల వ్యర్థాలు కలిసిన నీరు ఈ మార్పిడికి అనువైన చోటు. హైదరాబాదు చెంత పటాన్‌చెరువులో సుమారు 90 మందుల కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే కేంద్రం నుండి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు స్వీడన్ శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించారు. ఆ మందు మింగిన రోగి రక్తంలో సైతం అంత ఉండదు. పైగా అది శుద్ధి చేసిన పిదప నీరు.

మా తీరంలో కర్మాగారాలకు బదులు రొయ్యల చెరువులున్నవి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి మందులను వాటిలో వాడరాదని ప్రభుత్వ నిషేధం ఉన్నది. అవశేషాలు కనబడితే విదేశాలు సరుకును తిప్పిపంపుతాయి. సరుకుపై చూపే శ్రద్ధ, కాలువలోకి వదిలే చెరువు నీటిపై కూడా ఉండాలని నా అభిప్రాయం.

యాత్రికులకు నేరుగా సంబంధించినది గంగాతీరపు పరిశోధన. న్యూకాసిల్ విశ్వవిద్యాలయం, ఢిల్లీ ఐ.ఐ.టి. శాస్త్రజ్ఞులు హృషీకేశ, హరిద్వారాల వద్ద ఫిబ్రవరిలోను, యాత్రలు ముమ్మరమైన జూన్‌లోను నీటిని పరీక్షించి 2014లో ఫలితాలు వెల్లడించారు. చివరి అస్త్రంగా వాడే మందులను కూడా వమ్ము చేయగల ఎన్.డి.ఎం.-1 అనే జన్యువు యాత్రాకాలంలో బాగా పెరిగింది. దోషం గంగమ్మది కాదు. జనసమ్మర్దానికి తగిన మరుగుదొడ్లు, మురుగుశుద్ధి కొరవడడం వలన కలిగినది.

ఆ నీరు నోటపడిన ఆరోగ్యవంతునికి వెంటనే ఏమీ కాకపోవచ్చు. క్రిమి ప్రేగులలో చడీచప్పుడు లేకుండా ఉండిపోతుంది. తరువాత ఎప్పుడో శస్త్రచికిత్స జరిగినప్పుడో, మూత్రకోశానికి వ్యాధి సోకినప్పుడో అది విజృంభిస్తే, వైద్యుడిచ్చిన మందు పనిచేయదు. పసికందులకు, మధుమేహ రోగులకు అపాయం మరింత. 2019లో ఇటువంటి క్రిముల వలననే ప్రపంచంలో సుమారు 12.7 లక్షలమంది మరణించినట్లు అంచనా.

మన పెద్దలు మలాపకర్షణ స్నానాన్ని వేరుగా చెప్పారు. దేహమాలిన్యాన్ని బసలోనే కడుక్కొని, ఆ పిమ్మట తీర్థానికి రావాలి. నీటిలో మలమూత్రాలు, ఉమ్మి విడువరాదని మనుస్మృతి నిషేధించింది. మానని పుండ్లు, గాయాలు ఉన్నవారు మునగనక్కరలేదు. శిరస్సుపై ప్రోక్షించుకొంటే చాలును. ఆచమనానికి కాచి చల్లార్చిన నీరు వెంట తెచ్చుకోవచ్చు. మిగిలిపోయిన మాత్రలను కాలువలో పారవేయకండి.

దాతలకు ఒక విన్నపం. స్నానఘట్టాల వద్ద మరుగుదొడ్లు కట్టించి, వాటి తొట్టెలు నిండినప్పుడు ఎత్తించే ఖర్చుకు కూడా నిధి ఏర్పరచండి. మరుగుదొడ్డిపై పేరు చెక్కించుకోవడానికి సంకోచమని ఎరుగుదును. పేరు మండపం మీదనే ఉంచి, ద్రవ్యాన్ని ఇటు మళ్లించవచ్చు.