ఆపత్కాలమున ఔత్సాహిక రేడియో

2020వ సంవత్సరము అక్టోబరు వానలలో మన ఫలక్‌నుమా చెంతనున్న అల్‌జుబైల్ కాలనీ జలమయమయ్యెను. అట్టి రాత్రి విద్యుత్తుతోపాటు టెలిఫోనులును మూగవోయినచో వార్త నెవ్వరు కొనిపోవుదురు? అట్టి యక్కరకు వచ్చువారిని లోకము 'హ్యాము'లనును. వీరు ప్రభుత్వపు పరీక్షలో నుత్తీర్ణులై, అనుమతిపత్రమును పిలుపుగుర్తును బడసి, ప్రతిఫలము గోరక రేడియోలో సంభాషించువారు. వర్తకమున కీ రేడియోను వాడుట నిషిద్ధము.

చేతిలో నిమిడెడు రేడియో తరంగములు చూపువలెనే యించుమించు తిన్నగా బోవును. చదునుభూమిపై నిలిచిన యిద్దరు 10 కిలోమీటర్లకు మించి మాటాడుట కష్టము. నగరమున మేడ లడ్డుపడుటచే నంతయు నుండదు. కావున నెత్తైన చోట 'రిపీటరు' అను యంత్రము నుంచుదురు. అది 144, 146 మెగాహెర్ట్జుల నడుమ నొక పౌనఃపున్యమున విని, తత్క్షణమే సాధారణముగా 600 కిలోహెర్ట్జుల యెడముననున్న వేరొకదానిపై బిగ్గరగా బలుకును. రెండును నొకటియైనచో తన కేకయే తన చెవిని గప్పివేయును గదా! దాని యాంటెన్నా 100 మీటర్ల యెత్తున నున్నచో దిగంతము సుమారు 40 కిలోమీటర్లకు జరుగును. వికారుల్‌ఉమ్రాగారు 1884లో తమ సౌధమునకు కొండ నెన్నుకొనిరి. రిపీటరునకును కొండయే తగిన చోటు. బ్యాటరీ లేని రిపీటరు మాత్ర మాపదలో నలంకారమే.

వార్తలు తెగుట యెంత ఘోరమో తెలుగువారికి దివిసీమ చూపినది. 19 నవంబరు 1977 నాటి యుప్పెనలో వేలకొలది జనులు మడిసిరి. 1983లో ఎస్. సూరిగారు హైదరాబాదున నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోను స్థాపించిరి. ఆ సంస్థకు జెందిన భారతీ ప్రసాద్‌గారు 2004 డిసెంబరులో నండమానులనుండి లోకమందలి హ్యాములతో మాటాడుటకై పోర్టుబ్లెయిరునకు బోయిరి. అది వినోదయాత్రవంటిదే. 26వ తేదీ యుదయమున భూకంపమును, వెంటనే సునామీయును వచ్చెను. టెలిఫోను మార్గములు తెగినవి. వేయి కిలోమీటర్లకు మించిన సముద్రమును రిపీటరు దాటింపజాలదు. హ్రస్వతరంగములైనచో మింటి యయానుపొరను దాకి మరలి నేలకు దిగును. ఆమె తాను గొనిపోయిన యంత్రములతోడనే ప్రధాన భూభాగమునకు వార్త లంపెను; తమవారు బ్రతికియున్నారో లేదోయని తల్లడిల్లు కుటుంబములకు క్షేమసమాచారము లందజేసెను.

ఆమెకు యంత్రము కన్న నభ్యాసమే యెక్కువ తోడ్పడెనని మా యభిప్రాయము. హ్యాములు నియమితవేళల 'నెట్' అను పేర గూడి, పేరుపేరున హాజరు పలుకుదురు. ఒకరు నడుపుదురు, తక్కినవారు వంతు వచ్చువరకు నోరు మెదపరు. విసుగు పుట్టించు పనియే. అయినను ఆపదలో నందరు నొక్కమారు పలికినచో రిపీటరునుండి రొద తప్ప మాట వినరాదు.

పండ్రెండేండ్లు నిండిన బాలబాలికలును ఈ పరీక్షకు గూర్చుండవచ్చును.