పత్తికాయ నేర్పిన పాఠము

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని షికాగో నగరమున, 19వ శతాబ్దము ముగియుచున్న దినములలో, ఒక ఆచార్యుడు బడిపిల్లలకు తగిన బల్లలకొఱకు అంగడి అంగడియు తిరిగెను. కంటికి ఇంపుగా నుండి, ఆరోగ్యమునకు అనుకూలించి, పిల్లలు పని చేసికొనుటకు వీలైన బల్లలు ఆయనకు కావలెను. అట్టివి ఎచ్చటను దొరకలేదు. కడకు ఒక వర్తకుడు ఆయన మాటలను శ్రద్ధగా ఆలకించి, చిక్కు ఎక్కడ నున్నదో కనిపెట్టెను. ఆచార్యునికి కావలసినవి పిల్లలు పని చేయుటకు తగిన బల్లలు. అంగళ్లలో నున్నవో, పిల్లలు కూర్చుండి వినుటకు చేసిన బల్లలు! ఆనాటి చదువు ఎట్టిదో ఆ వర్తకుని మాట ఒక్కటియే వెల్లడించుచున్నది.

ఆ ఆచార్యుని పేరు జాన్ డ్యూయీ. ఆయన 1859లో వెర్మాంట్ రాష్ట్రమందలి బర్లింగ్టన్ పట్టణమున జన్మించెను. 1894లో షికాగో విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రాచార్యుడుగా ప్రవేశించెను. 1896 జనవరిలో ఆయన ఒక చిన్న పాఠశాలను నెలకొల్పెను. మొదట అందు చేరిన పిల్లలు 16 మంది, బోధించువారు ఇద్దరు. రసాయన శాస్త్రమునకు ప్రయోగశాల ఎట్టిదో, విద్యాశాస్త్రమునకు ఈ బడి అట్టిది కావలెనని ఆయన తలంపు. అందుచేతనే దానికి ప్రయోగ పాఠశాల అను పేరు స్థిరపడెను.

డ్యూయీ ఈ పనికి పూనుకొనుటకు కారణము లేకపోలేదు. పూర్వకాలమున పల్లెలయందు ఇంటికి కావలసిన వస్తువులు చాలవఱకు ఇంటనే తయారగుచుండెను. గొఱ్ఱెల ఉన్ని కత్తిరించుట, దానిని ఏకుట, వడకుట, నేయుట పిల్లల కన్నులయెదుటనే జరుగుచుండెను. దీపము కావలెనన్నను క్రొవ్వు కరగించి వత్తులు చేసికొనవలసినదే. ఆ పనులలో పిల్లలును చేయి కలిపెడివారు. ఆ విధముగా వారికి వస్తువుల గుణములు తెలియుచుండెను. పని చక్కగా చేయుటయు, పదిమందితో కలసి చేయుటయు అలవడుచుండెను. కర్మాగారములు వెలసి నగరములు పెరిగిన పిమ్మట ఈ అవకాశము పోయెను. నగరమందలి బాలునకు వస్త్రము కనబడును గాని, అది ఎట్లు వచ్చెనో కనబడదు. ఇల్లు నేర్పుట మానిన దానిని ఇక బడియే నేర్పవలెనని డ్యూయీ భావించెను.

ఆ బడిలో ఆఱేండ్ల పిల్లలు ఇంటికి అన్నవస్త్రములను సమకూర్చు వృత్తులను గూర్చి తెలిసికొనుచుండిరి. కట్టెదిమ్మెలతో ఇల్లును, కొట్టమును కట్టి, ఇసుకబల్లపై పొలములు తీర్చుచుండిరి. కట్టవలెనన్న కొలవవలెను, కొలవవలెనన్న లెక్క రావలెను. ఆ విధముగా గణితము పనిలోనుండియే పుట్టుచుండెను.

ఒకప్పుడు పిల్లలకు పచ్చి సరకులు ఇయ్యబడెను: అవిసె నార, పత్తి, గొఱ్ఱె వీపునుండి తీసిన ఉన్ని. వారు వానిని తాకి చూచిరి, లాగి చూచిరి, ఒకదానితో నొకటి పోల్చి చూచిరి. అపుడు ఒక ప్రశ్న పుట్టెను. తమ పూర్వులు ఉన్నివస్త్రములను విరివిగా ధరించిరి గదా. నూలుబట్టల పరిశ్రమ అంత ఆలస్యముగా వృద్ధిపొందనేల? ఉపాధ్యాయుడు సమాధానము చెప్పలేదు. పిల్లలు పత్తికాయలను ముందిడుకొని, గింజలనుండి దూదిని వేరుచేయ మొదలిడిరి. ఒక జట్టు పిల్లలు 30 నిమిషములు శ్రమించిరి. తీరా చూడగా వెడలిన దూది ఒక ఔన్సు, అనగా సుమారు 28 గ్రాములు, అయినను లేదు! ఒక మనిషి దినమెల్ల కష్టపడినను ఒక పౌను దూదికి మించి చేతితో తీయజాలడని వారు సులువుగా గ్రహించిరి. తమ పూర్వులు ఉన్నినే ఏల ధరించిరో వారి వ్రేళ్లకే తెలిసిపోయెను.

తరువాత పోగులను పరీక్షించిరి. పత్తిపోగు పొట్టిది, నునుపైనది. ఒకదాని నొకటి అంటుకొనదు. ఉన్నిపోగు పొడవైనది, గరుకైనది. ఒకదాని నొకటి పట్టుకొనును. కావున వడకుటకు ఉన్నియే సులువు. ఈ భేదములను ఏ పుస్తకమును వారికి చెప్పలేదు. ఉపాధ్యాయుడు అడిగిన ప్రశ్నలే వారికి దారి చూపినవి.

పిమ్మట ఉన్నిని ఏకవలసి వచ్చెను. పిల్లలు రెండు చెక్కలకు సన్నని ములుకులు దిగగొట్టి దువ్వెనవంటి సాధనమును కల్పించుకొనిరి. శ్రీకాకుళము జిల్లా పొందూరున సన్ననూలు వడకువారు వాలుగచేప దవడపండ్లతో పత్తిని దువ్వు సంగతి తెలిసినవారికి ఇందలి కిటుకు వెంటనే బోధపడును. అటుపై వడకుట. చిల్లిగల రాతిని వ్రేలాడదీసి గిరగిర త్రిప్పగా ఉన్ని పురి యెక్కి దారమయ్యెను. ఆ తరువాత బొంగరమువంటి కదురును నేలపై త్రిప్పి, చేతిలోని ఉన్నిని కొంచెము కొంచెముగా వదలుచు, దారమును దానిపై చుట్టిరి. ఒక సాధనముతో పని సాగక విసుగు కలిగినప్పుడు మఱియొక సాధనము అవసరమయ్యెను. ఈ విధముగా ఆదిమానవుని కదురునుండి మరమగ్గము వఱకు వస్త్రచరిత్రను వారు అడుగడుగునను చేసి తెలిసికొనిరి. దేశము, వాతావరణము, భౌతికశాస్త్రము, చరిత్ర అన్నియు ఆ ఒక్క దారమునకే గ్రుచ్చబడెను.

ఇచట తెలుగు విద్యార్థికి ఒక సందేహము కలుగవలెను. భారతదేశమున వేలయేండ్ల నుండి జనులు నూలుబట్టలు కట్టుచుండిరి గదా! నిజమే. మొహెంజొదారో త్రవ్వకములలోనే నూలుగుడ్డ గుఱుతులు దొరకినవి. ఈ దేశమున పత్తి పండెను. రెండు కఱ్ఱల నడుమ పత్తిని పోనిచ్చి గింజను వేరుచేయు చేతిసాధనమును వాడుకలో నుండెను. షికాగో పిల్లలు కనుగొన్నది వారి పూర్వుల కథ. అమెరికాలో 1793లో ఎలీ విట్నీ గింజలు తీయు యంత్రమును నిర్మించిన తరువాతనే పత్తిసాగు మిక్కిలి విస్తరించెను. దానితోపాటు ఆ పొలములలో బానిసల సంఖ్యయు, వారి కడగండ్లును పెరిగినవి. ఒక గింజను గూర్చి అడిగిన ప్రశ్న ఎంతదూరము పోగలదో ఇందువలన తెలియును.

ఆ బడిలో వంట కూడ ఒక పాఠమే. గ్రుడ్లు వండుటకు ముందు పిల్లలు నీటిని వేర్వేరు వేడిమిలకు కాచి, ఏ వేడిమికి తెల్లసొన ఎట్లు మాఱునో పరీక్షించి చూచిరి. చెప్పినట్లు వండినచో ఒక వంటకము వచ్చును. కారణము తెలిసి వండినచో అన్ని వంటకములకును పనికివచ్చు జ్ఞానము వచ్చును.

పిల్లల యిష్టమే ఇందు ప్రధానమైనచో ఇక ఉపాధ్యాయునితో పనియేమి? ఈ ఆక్షేపణ ఆనాడే పుట్టెను. పిల్లల యిచ్ఛ ఆరంభము మాత్రమే యని డ్యూయీ అభిప్రాయము. ఏ సరకు ముందుంచవలెనో, ఏ ప్రశ్న ఎప్పుడు వేయవలెనో, ఎప్పుడు ఊరకుండవలెనో ఎఱిగినవాడే గురువు. వీనిలో కడపటిది మిక్కిలి కష్టము. ఒక్క వాక్యములో చెప్పదగిన దానికై పిల్లలు అరగంట తడవులాడుచుండగా, తెలిసియు పెదవి కదపక నిలుచుట సామాన్యము కాదు. ఆ అరగంట వృథా యని తోచును. కాని చెప్పిన వాక్యము పరీక్షతో మఱపునకు రావచ్చును. వ్రేళ్లు నొచ్చి తెలిసికొన్నది చిరకాలము నిలుచును.

ఈ పద్ధతికి ఇబ్బందులును కలవు. 1902 నాటికి ఆ బడిలో పిల్లలు 140 మంది కాగా, వారికి 23 మంది ఉపాధ్యాయులుండిరి. అంతమందిని పోషించుట అన్ని బడులకును సాధ్యము కాదు. ధనమునకు కొదువ కలుగుటచే, డ్యూయీ 1899లో తల్లిదండ్రులయెదుట ఉపన్యసించి తన ఆశయములను వివరింపవలసి వచ్చెను. పాఠశాల నిర్వహణ విషయమున విశ్వవిద్యాలయాధికారులతో అభిప్రాయభేదములు కలిగి, 1904లో ఆయన షికాగో విడిచెను. అయినను ఆ పాఠశాల నిలిచెను, నేటికిని నడచుచున్నది. 1918లో విలియం కిల్పాట్రిక్ ఈ విధమైన పనికి సంకల్పము, పథకము, నిర్వహణము, పరిశీలనము అను నాలుగు మెట్లను నిరూపించెను.

భారతదేశమున గాంధీమహాత్ముడు 1937 అక్టోబరులో వార్ధాలో విద్యావేత్తలను సమావేశపఱచి, చేతిపని కేంద్రముగా మాతృభాషలో ఏడేండ్ల విద్య గరపవలెనని ప్రతిపాదించెను. జాకిర్ హుస్సేన్ అధ్యక్షతను ఒక సంఘము దానికి రూపమిచ్చెను. తకిలి బడిలోనికి ప్రవేశించెను. ఈ రెండు మార్గములకును ఒక భేదము కలదు. పిల్లలు వడకిన నూలు విలువతో ఉపాధ్యాయుని జీతమునకు కొంత ఆధారము దొరకవలెనని గాంధీజీ ఆశించెను. బీదదేశమున ప్రతి బిడ్డకును చదువు చేర్చు మార్గము ఆయన వెదకుచుండెను. డ్యూయీ బడిలో వస్తువు వెలతో నిమిత్తము లేదు. పిల్లవానికి కలిగిన తెలివియే అచట ఫలము. మార్గములు వేఱైనను, చేతికి పని లేని చదువు సగము చదువే యని ఇరువురును నమ్మిరి.

డ్యూయీ 1952లో మరణించెను. ఆయన వెదకిన బల్లలు నేడు కొన్ని బడులలో కలవు. పెక్కు బడులలో లేవు. కాని పత్తికాయకు బల్లతో పనిలేదు. తెలుగునాట పత్తిచేలు ఎన్నియో కలవు. ఒక కాయను తెచ్చి, గింజనుండి దూదిని వేరుచేసి, అరగంటలో ఎంత వచ్చెనో తూచి చూచిన విద్యార్థికి, తాను తొడిగిన చొక్కా వెనుక ఎందఱి చేతులున్నవో బోధపడును.