నెలలు నిండేలోగా

నిజామాబాద్ జిల్లా జక్రాన్‌పల్లి వైపు పుట్టబోయే బిడ్డ కోసం ముందుగా ఏదీ కొనరు. ఉయ్యాల కొనరు, ఊలు టోపీ కొనరు, చివరికి సబ్బుబిళ్ల కూడా కొనరు. నిజామాబాద్ బజారుకు పోయిన కోడలు ముచ్చటపడి ఒక బుల్లిగౌను చేతిలోకి తీసుకుందో లేదో, పక్కనున్న అత్త అడ్డుపడుతుంది. "ముందుగాల బిడ్డను సల్లంగ రానీయ్. బట్టలకేం, ఎప్పుడైన దొర్కుతయ్."

అలాగని ఎవరూ ఊరికే కూర్చోరు. ఏళ్లుగా కట్టి మెత్తబడ్డ నూలు చీరలు, తాత ధోవతులు పెట్టెలోంచి బయటికి వస్తాయి. అవ్వ వాటిని వేడినీళ్లలో ఉతికి, గట్టి ఎండలో ఆరేసి, మూరెడు మూరెడు ముక్కలుగా చింపి మడత పెడుతుంది. పాతవి గనుక పట్టింపు అడ్డురాదు. పసిబిడ్డ చర్మానికి అంతకన్నా మంచి బట్ట ఏ షోరూంలోనూ దొరకదని నా అభిప్రాయం. 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్టు కూడా ఈ పట్టింపుకు తెలిసో తెలియకో సరిగ్గా సరిపోయింది. దోమతెర, బిడ్డ బట్టలు, నూనె, సబ్బు, తల్లికి చీరలు అన్నీ ఉన్న ఆ సంచి కాన్పు అయ్యాకే చేతికొచ్చేది. సర్కారు దవాఖానలో కాన్పయితే మగపిల్లాడికి 12 వేలు, ఆడపిల్లకు 13 వేల రూపాయలు విడతలవారీగా ఇస్తామన్నారు. పైసలు పడ్డవాళ్లున్నారు, ఎదురుచూసినవాళ్లూ ఉన్నారు.

సామాను సంగతి ఇంతటితో సరి. ఇక్కడ నెల తప్పిన ఆడబిడ్డ చేయాల్సిన అసలు ఏర్పాటు కొత్తగా ఒకటి తెచ్చుకోవడం కాదు, ఉన్నదొకటి ఒళ్లోంచి దించడం. అది బీడీల చాట.

నిజామాబాద్ జిల్లా పల్లెల్లో ఏ వాడకు పోయినా అరుగుల మీద, గడపల దగ్గర బీడీలు చుట్టే ఆడవాళ్లు కనిపిస్తారు. తునికాకు ముందే తడిపి, తడిగుడ్డలో చుట్టి ఉంచుతారు. మెత్తబడ్డాక కొలత పెట్టి కత్తెరతో కోస్తారు. కోసిన ఆకులో చిటికెడు తంబాకు పరిచి, వేళ్లతో చుట్టి, కొన మడిచి దారం వేస్తారు. ఇదంతా ఒళ్లో చాట పెట్టుకుని, మెడ వంచి, మోకాళ్లు ముడుచుకుని చేసే పని. నెలలు పెరిగేకొద్దీ కడుపు చాటను ముందుకు తోస్తుంది. చాట జరిగినకొద్దీ నడుము ఇంకా వంగుతుంది. తంబాకు చెరిగినప్పుడల్లా లేచే దుమ్ము నేరుగా ముక్కులోకే పోతుంది. నికోటిన్ ఊపిరితోనే కాదు, చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతుంది. చేతులు కడుక్కోవడం, ముక్కుకు గుడ్డ కట్టుకోవడం, గాలి ఆడేచోట కూర్చోవడం మేలే కానీ, ఆ పని మానేయడంతో సమానం కావు. గ్లౌజుల మాటెత్తితే నవ్వుతారు. వేలికి ఆకు తెలియకపోతే బీడీ ఎట్లా వస్తుంది?

మరి మానరెందుకు? బీడీ కార్మికురాలి కార్డు కోసం. కార్ఖానాలో పేరు, పీఎఫ్ లెక్క నిలవాలంటే కట్టలు అప్పగిస్తూనే ఉండాలని భయం. అందుకే కొన్ని ఇళ్లలో అమ్మో, వదినో ఆమె పేరు మీద చుట్టిపెడతారు. నా దృష్టిలో సీమంతానికి పెట్టే చీరకంటే ఇది పెద్ద కానుక. నిజానికి 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్లనూ కార్మికులుగానే లెక్కగట్టింది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని వాళ్లకూ వర్తింపజేసింది. 2017 సవరణతో మొదటి రెండు కాన్పులకు జీతంతో సెలవు 26 వారాలైంది. కాగితం మీద ఇంత హక్కున్న మనిషి తొమ్మిదో నెలలోనూ చాట ముందు కూర్చుంటోందంటే, తప్పు ఆమెది కాదు.

బిడ్డ పుట్టాక తొట్టెల కట్టేది, తంబాకు చెరిగేది ఒకే గదిలో కాకుండా చూసుకోవాలి. ఆ ఏర్పాటేదో ఇప్పుడే చేసుకుంటే మంచిది.

రక్తం మాట రెండు ముక్కల్లో చెబుతాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో గర్భిణుల్లో సగానికి పైగా, 53 శాతం మందికి రక్తహీనత ఉంది. 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో అన్నం, పప్పు, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెడుతున్నారు. అక్కడే కూర్చుని తింటే ఒంటికి పడుతుంది. ఇంటికి తెచ్చుకున్న గుడ్డు సాధారణంగా పెద్దపిల్లాడి పళ్లెంలోకి పోతుంది. ఐరన్ గోలీ చాయతో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటే బాగా పడుతుంది. నల్లగా విరేచనమైతే బెదరక్కర్లేదు.

ఇక కాన్పు ఎక్కడ? జక్రాన్‌పల్లి 44వ నంబరు జాతీయ రహదారి మీది ఊరు. ఒకవైపు ఆర్మూరు, మరోవైపు డిచ్‌పల్లి, ఆ పక్కనే నిజామాబాద్. దవాఖానలకు కొదవలేదు. అదే సర్వే చెప్పిన లెక్క వింటే మాత్రం గుండె జారుతుంది. తెలంగాణలో 97 శాతం కాన్పులు దవాఖానల్లోనే అవుతున్నాయి, బాగానే ఉంది. కానీ మొత్తం కాన్పుల్లో ఆపరేషన్లు 60.7 శాతం, దేశంలోనే అత్యధికం. ప్రైవేటులో అది 81.5 శాతం. కోత అవసరమైన చోట ప్రాణం నిలుపుతుంది, దాన్ని కాదనలేం. పంతులు రాసిచ్చిన గడియ కోసం, నొప్పులు రాకముందే, 37 వారాలకే బిడ్డను బయటికి తీయించడం ఏ అవసరం కిందికి వస్తుంది? ఊపిరితిత్తులు, మెదడు చివరి వారాల్లోనూ ఎదుగుతూనే ఉంటాయి. నక్షత్రం మంచిదే కావచ్చు, బిడ్డ మాత్రం అద్దాల పెట్టెలోకి పోవచ్చు.

ఏడో నెలలోనే డాక్టరమ్మను అడగాల్సిన మాటలున్నాయి. నా బీపీ, షుగరు, రక్తం ఎట్లున్నయి? బిడ్డ తల కిందికి ఉందా? మామూలు కాన్పుకు ఎంతసేపు ఆగుతరు? నా వెంబడి ఒక మనిషిని ఉండనిస్తరా? చిరాకు పడకుండా జవాబిచ్చే చోటే కాన్పుకు మంచి చోటు. తలనొప్పితో కళ్లు మసకబారినా, ఎర్రబట్ట అయినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలిక తగ్గినా పొద్దుటిదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. నెలనెలా పరీక్షలకు తీసుకుపోయి దింపడానికి 102 అమ్మఒడి బండి వేరే ఉంది.

ఈ ఫోన్ ఎవరు చేయాలన్నది చాలా ఇళ్లలో పెద్ద ప్రశ్నే. ఇంటాయన సౌదీలోనో దుబాయ్‌లోనో ఉంటాడు. అర్ధరాత్రి నొప్పులొస్తే ఆయన చేయగలిగింది వీడియో కాల్‌లో చూడటమే. అందుకే బండి ఎవరిది, పైసలు ఎవరి దగ్గర, సంతకం పెట్టేది ఎవరు అన్నది ఎనిమిదో నెలలోనే తేల్చుకోవాలి. సెలవు మీద వచ్చే దోస్తు చేతికి ఆయన ప్రేమగా పంపే పాలపొడి డబ్బా మాత్రం అటక మీద ఉండాలి. ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలు తప్ప చుక్క నీళ్లు కూడా అక్కర్లేదు. డబ్బాపాల ప్రకటనలను మన దేశం 1992లోనే చట్టం చేసి అడ్డుకుంది. అయినా అదే సర్వే ప్రకారం పుట్టిన గంటలోపే తల్లిపాలు పట్టిన బిడ్డలు తెలంగాణలో 37 శాతమే. మొదటి ముర్రుపాలు పిండి పారబోసే అలవాటుకు ఏ చట్టమూ అడ్డుపడదు. అవ్వతో ఇప్పుడే మాట్లాడుకోవాలి.

మొదటి కాన్పు తల్లిగారింట్లోనే కదా. కాబట్టి అత్తగారి ఊళ్లో ఆశా కార్యకర్త రాసిన కార్డు, స్కానింగ్ కాగితాలు, బ్యాంకు బుక్కు, ఆధార్ ఒక్క సంచిలో పెట్టుకుని తల్లిగారి ఊరికి పోవాలి. పోగానే అక్కడి ఆశాకు చూపించి పేరెక్కించుకోవాలి. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, బ్యాంకులో అత్తింటి ఇంటిపేరు ఉండి పైసలు ఆగిపోయిన బాలింతల గోడు ఊరూరా వినిపిస్తుంది. దవాఖానలో కాన్పయితే పుట్టిన వివరాలు వాళ్లే పంపుతారు. నమోదుకు గడువు 21 రోజులు, మనవాళ్లు తొట్టెల వేసేది కూడా సాధారణంగా ఇరవై ఒకటో రోజునే. బిడ్డ పేరు తర్వాతైనా ఎక్కించుకోవచ్చు, అమ్మానాన్నల పేర్లు మాత్రం నాన్న పాస్‌పోర్టులో ఎట్లున్నయో అక్షరం పొల్లుపోకుండా మొదటిరోజే రాయించాలి.